టార్పాలిన్ మీద ఆరు రాళ్లు

"జిఫ్త్ వాడేవాళ్లు చేతులెత్తండి" అన్నారు ఇబ్తిహాల్ మిస్.

ఆరో తరగతి గదిలో ఒకే ఒక్క చెయ్యి లేచింది. వెనక బెంచీలో కూర్చునే బుథైనాది. ఎవరో కిసుక్కున నవ్వారు. బుథైనా చెయ్యి సగం కిందికి దిగి, మళ్లీ కాస్త పైకి లేచి, అక్కడే ఆగిపోయింది.

నుహా తన రెండు చేతులూ మోకాళ్ల మధ్య బిగించి కూర్చుంది. చలికి కాదు.

బోర్డు పక్కన గోడకి మిస్ ఒక పెద్ద చార్టు అంటించారు. "మా ఇల్లు దేనితో వెచ్చబడుతుంది?" అని పైన రాసి ఉంది. కింద నాలుగు గడులు. కిరోసిన్, గ్యాస్, కరెంటు, జిఫ్త్. మిస్ జిఫ్త్ గడిలో బుథైనా పేరు రాశారు. అంత పెద్ద గడిలో ఆ పేరు ఒంటరిగా నిలబడింది.

"గ్యాస్?"

ఈసారి చాలా చేతులు లేచాయి. వాటి మధ్యలో నుహా చెయ్యి కూడా లేచింది. మిస్ ఆమె వైపు ఒక్క క్షణం చూశారు. తర్వాత పేరు రాసేశారు.

ముందు బెంచీలోంచి రహఫ్ వెనక్కి తిరిగింది. "మీ ఇంట్లో గ్యాసా? మరి నీ మఫ్లర్ గానుగ వాసన కొడుతోందేం?"

"నీ ముక్కు కడుక్కో ముందు."

"కడుక్కున్నా. అందుకే తెలుస్తోంది."

చుట్టుపక్కల నాలుగు బెంచీలూ నవ్వాయి. నుహా చెవులు ఎర్రబడ్డాయి.

అజ్లూన్ కొండల్లో జిఫ్త్ అంటే తెలియనివాళ్లు లేరు. చలి మొదలయ్యే ముందు ఆలివ్ కాయలు గానుగ ఆడిస్తారు. నూనె డబ్బాల్లోకి వెళుతుంది. మిగిలిన పిప్పి, గింజల పొడి, అదే జిఫ్త్. బిళ్లలు చేసి వేసవంతా ఎండబెడితే మరుసటి చలికాలానికి కట్టెలకన్నా బాగా మండుతుంది. డబ్బు పెట్టి కొనక్కర్లేదు. కాస్త వాసన వేస్తుంది, అంతే.

ఆ కాస్త వాసనతోనే నుహాకి గొడవ. అందుకే ఆమె తన స్కూలు కోటుని ఇంట్లోకి రానివ్వదు. ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి కట్టి, వరండాలో మేకుకి తగిలిస్తుంది. పొద్దున తొడుక్కుంటే ఐసు డబ్బాలో దూరినట్టు ఉంటుంది. అయినా సరే. ఇన్ని తిప్పలు పడితే నిన్న తమ్ముడు ఖుసై ఆమె మఫ్లర్ తీసి గుర్రానికి కళ్లెం కట్టాడు. గుర్రమంటే తలుపు కింద గాలి రాకుండా పెట్టే చుట్టిన దుప్పటి.

"ఇంకో మాట" అన్నారు మిస్. "చలికాలం ఖర్చు తగ్గించడానికి ఒక్కో ఇంట్లో ఒక్కో తెలివి ఉంటుంది. మీ ఇంట్లో ఏం చేస్తారో చూసి రాసుకు రండి. వచ్చే గురువారం చదవాలి. ఊహించి రాయకండి. చూసి రాయండి."

ఆఖరి మాట తనకే చెప్పారేమో అనిపించింది నుహాకి.

* * *

నుహా వాళ్ల ఇంట్లో నాలుగు గదులు. చలికాలంలో మాత్రం ఒక్కటే. మిగతా మూడింటి తలుపులూ మూసేసి, అందరూ మధ్య గదిలోకి వచ్చేస్తారు. అక్కడే తినడం, అక్కడే చదువుకోవడం, అక్కడే పోట్లాడుకోవడం. గది నడుమ ఇనుప పొయ్యి ఉంటుంది, సోబా అంటారు దాన్ని. పొగ గొట్టం గోడలోంచి బయటికి పోతుంది. సోబా మీద పప్పు సూపు ఉడుకుతూ ఉంటుంది. పక్కనే కెటిల్. స్నానానికి నీళ్లు కూడా దాని మీదే కాగుతాయి. కరెంటు బాయిలర్ స్విచ్చి మీద అమ్మ ప్లాస్టర్ అంటించింది, ఎవరూ మర్చిపోయి వేయకుండా.

సోబాకి దగ్గరగా నానమ్మ చోటు. ఆమె మోకాళ్లు చలికి పట్టేస్తాయి.

నుహా కోటు వరండాలో తగిలించి, తలుపు ధడేలున తోసుకుని వచ్చింది.

"మనం గ్యాస్ హీటర్ కొనాలి" అంది.

"కొందాం" అంది అమ్మ, పళ్లెంలో పప్పు ఏరుతూ. "రెండు కొందాం. నీకొకటి, నీ కోటుకొకటి. ముందు తలుపు వెయ్యి."

"వెటకారం వద్దమ్మా. క్లాసులో అందరి ఇళ్లల్లోనూ ఉంది."

"అందరి ఇళ్లల్లో ఉంటే ఉండనీ. సిలిండరు ఏడు దీనార్లు. ఆ హీటరు ఐదు రోజులకొకటి తాగేస్తుంది. మీ నాన్న మినీ బస్సు తోలేది దానికి పట్టించడానికా?"

"జిఫ్త్ కంపు కొడుతోంది!"

నానమ్మ ముసిముసిగా నవ్వింది. "నేను పెళ్లయి వచ్చినప్పుడు మీ తాత దగ్గరా ఇదే వాసన. ఏం చేస్తాను తల్లీ, సర్దుకున్నాను."

అమ్మ పకపకా నవ్వింది. ఎందుకో తెలియకపోయినా ఖుసై కూడా నవ్వాడు.

"నవ్వకండి!" అని అరిచింది నుహా. మూల ఉన్న ఇనుప బకెట్టు తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

రోజూ సాయంత్రం లోపలికి ఒక బకెట్టు బిళ్లలు తేవడం ఆమె పని. ఇంటి వెనక కొట్టం ఉంది. మూడు వైపులే గోడలు, పైన సగమే రేకు. అందులో నడుమెత్తు పేర్చిన జిఫ్త్ బిళ్లలు. వాటి మీద నీలం టార్పాలిన్. టార్పాలిన్ మీద రాళ్లు, నాలుగు మూలలా నాలుగు, మధ్యలో రెండు. ఎత్తడానికి రెండు చేతులూ కావాల్సినంత పెద్ద రాళ్లు. వాటి సంగతిలో నానమ్మ చాలా ఖచ్చితం. ఆరంటే ఆరే.

నుహా రాళ్లు దింపింది. బకెట్టు నింపింది. టార్పాలిన్ మళ్లీ కప్పింది. ఒక మూల రాయి పెట్టింది. ఇంకో మూల పెట్టింది.

మూడోది ఎత్తబోయి ఆగింది. కొండల మీద మబ్బు నల్లగా దిగి ఉంది. ఆమె దాన్ని చూసింది. చూడలేదని తర్వాత తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకున్నా, చూసింది.

"ఎప్పుడూ ఇదే చాకిరీ" అనుకుంది. "పోతే పోనీ."

రాయిని అక్కడే వదిలేసింది.

ఇంట్లోకి రాగానే నానమ్మ అడిగింది. "రాళ్లు పెట్టావా?"

"పెట్టా."

రెండు రాళ్లయినా రాళ్లే కదా.

* * *

రాత్రంతా గాలి, మంచు కలిసిన వాన. తెల్లారి శుక్రవారం. బడి లేదు, నాన్నకి బస్సు లేదు. టీ తాగి కొట్టంలోకి వెళ్లిన నాన్న చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు ఆయన గుప్పిట్లో నల్లటి బురద ఉంది.

"టార్పాలిన్ ఎగిరి కంచెలో పడింది" అన్నాడు. "గోడ వైపు ఉన్న కాసిన్నే బతికాయి. మిగతాదంతా ఇదిగో."

అమ్మ చేతిలో టీ గ్లాసు కిందపెట్టేసింది. "ఆరు రాళ్లు పెట్టినా లేచిపోయిందా?"

"అదే నాకూ అర్థం కావడం లేదు. ఏం గాలో!"

నుహా రొట్టె ముక్కని నూనెలో ముంచింది. ముంచి అలాగే పట్టుకుంది. నూనె చుక్కలు చుక్కలుగా పళ్లెంలో పడుతున్నా నోట్లో పెట్టుకోలేదు.

పైన కాస్తే తడిసినట్టున్న బిళ్లలు రెండు నాన్న సోబాలో వేసి చూశాడు. అవి మండలేదు. బుసబుసమని పొగ కక్కాయి. గది నిండిపోయింది. ఖుసై దగ్గుతూ ఏడుపు మొదలుపెట్టాడు. అమ్మ కిటికీలన్నీ తెరిచేసింది. రెండు వారాలుగా గదిలో నిలబెట్టుకున్న వేడి రెండు నిమిషాల్లో బయటికి పోయింది. నానమ్మ దుప్పటి కప్పుకుని వరండాలో నిలబడింది, గోడ పట్టుకుని. ఆమె గడ్డం వణుకుతూ ఉంది.

మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చాక నాన్న నేల మీద కూర్చుని నానమ్మ చేతులు పట్టుకున్నాడు.

"అమ్మా, ఉన్న పొడి బిళ్లలు వారం కూడా రావు. మార్చి దాకా కిరోసిన్ కొనడం నా వల్ల కాదు. మేము ఎలాగో దుప్పట్లతో నెట్టుకొస్తాం. నీ మోకాళ్లు తట్టుకోలేవు. నువ్వు నా చెల్లెలి ఇంటికి జర్కా పట్నం వెళ్లు. ఎండలొచ్చాక నేనే వచ్చి తెచ్చుకుంటా."

"మూడో అంతస్తులోనా?" అంది నానమ్మ. "ఆ ఇంటి కిటికీ తెరిస్తే పక్కింటి గోడ తప్ప ఏమీ కనబడదురా. నేను పోను."

 ఖుసై ముక్కు ఎగబీల్చాడు. నానమ్మ వాడి వైపు చూసింది. వాడి మీద రెండు స్వెట్టర్లు, పైన అమ్మ శాలువా.

"సరేలే" అంది మెల్లగా. "ఉన్న కాస్త వెచ్చదనం దగ్గర నేనెందుకు అడ్డం. నా సంచి దింపు."

నాన్న లేచి అటక మీంచి సంచి దింపాడు. పూల బొమ్మల గుడ్డ సంచి. నానమ్మ అందులో తన మందుల డబ్బా పెట్టుకుంది. ఒక జత మేజోళ్లు పెట్టుకుంది. తర్వాత ఏం పెట్టుకోవాలో తోచనట్టు ఆగింది.

"నానమ్మ ఎక్కడికీ పోదు!"

అందరూ తిరిగి చూశారు. నుహా లేచి నిలబడి ఉంది. పిడికిళ్లు బిగించి ఉంది.

"ఆరు పెట్టలేదు" అంది. "రెండే పెట్టా."



"మర్చిపోయావా?" అన్నాడు నాన్న.

మర్చిపోయానని చెప్పవచ్చు. నాన్నే ఆ మాట అందించాడు. ఊ అంటే అయిపోతుంది. నుహా పెదవి కొరికింది.

"మర్చిపోలేదు. కావాలనీ కాదు." ఆమె పూల సంచి వైపు చూసింది. "కొంచెం కావాలనే. జిఫ్త్ పాడైపోతే గ్యాస్ కొంటామనుకున్నా."

అమ్మ తల పట్టుకుంది. "ఒసేయ్ నుహా! ఇల్లు చల్లబెట్టి హీటరు కొనిపించాలనుకున్నావా?"

"తిట్టండి. ఎంతైనా తిట్టండి. కానీ నానమ్మ మాత్రం పోకూడదు. పోతే నేనూ పోతా. జర్కాలో నేనూ ఆ గోడే చూస్తా."

నాన్న ఏదో అనబోయాడు. నానమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఇలా రా" అంది. పొద్దున నాన్న తెచ్చి పళ్లెంలో పెట్టిన బురద ముద్ద ఇంకా అక్కడే ఉంది. దాన్ని తీసి నుహా అరచేతిలో పెట్టింది. "పిండు."

నుహా పిండింది. నల్లటి నీళ్లు కారాయి. వేళ్ల మధ్య గట్టి ముద్ద మిగిలింది.

"చూశావా? ఇది పాడవలేదు. తడిసింది. రెండూ ఒకటి కాదు. నా చిన్నప్పుడు వర్షాలు ముందే పడ్డ ఏడు, మా అమ్మ చలికాలంలోనే బిళ్లలు చేసి సోబా పక్కన ఆరబెట్టేది. పొడివి మండిస్తూ తడివి ఆరబెట్టాలి. గాలి దూరకూడదు, వేడి పోకూడదు. ఒళ్లు హూనమవుతుంది. చేతులు కంపు కొడతాయి." ఆమె నుహా కళ్లలోకి చూసింది. "నీ కోటు కూడా."

"కొట్టనీ" అంది నుహా.

నాన్న సంచి వైపు చూశాడు, ఇద్దరి వైపూ చూశాడు. "గురువారం నాకు జర్కా ట్రిప్పు ఉంది. బుధవారం సాయంత్రం చూస్తా. బిళ్ల మండిందా, సరే. మండలేదా, అమ్మ నా బండిలో వస్తుంది. ఈ మాట మీద పేచీలు లేవు."

"మండుతుంది" అన్నారు నానమ్మా మనవరాలూ ఒక్కసారే.

* * *

నుహా స్వెట్టరు చేతులు పైకి మడిచి బురదలో కూర్చుంది. నాన్న బకెట్లతో తెచ్చిపోశాడు. ఆమె పిండింది, ముద్ద చేసింది, పాత నెయ్యి డబ్బా మూతల్లో ఒత్తింది.

"లావుగా చెయ్యకు. అరచేతి మందం కూడా వద్దు" అనేది నానమ్మ. "సోబాకి ఆనించకు. జానెడు దూరం. ఆనిస్తే ఇంటినే కాల్చుకుంటాం."

పాత ఇనుప మంచం చట్రం తెచ్చి సోబా చుట్టూ దడిలా నిలబెట్టారు. బిళ్లల్ని దాని మీద వరుసగా పెట్టారు. రెండు గంటలకోసారి తిప్పాలి. ఖుసై కూడా ఒత్తాడు. వాడు చేసింది గొర్రె.

"అది ఆరదు. కాళ్లు లావు" అంది నుహా.

"గొర్రెకి కాళ్లుంటాయి కదక్కా!"

"అయితే దాన్ని ఆఖర్న పెట్టు."

పొడి బిళ్లలు బుధవారం దాకా రావాలి. అంటే రోజుకి బకెట్టు కాదు, ముప్పావు బకెట్టే. అంత తక్కువతో గది చల్లారకుండా ఉండాలంటే ఒక్క చుక్క వేడి కూడా బయటికి పోకూడదు. నుహా ఇంట్లో తిరిగి తిరిగి వెతికింది. కిటికీ సందుల్లో అమ్మ కుట్టు గుడ్డల పీలికలు దోపింది. అమ్మానాన్నల గది తివాచీ లాక్కొచ్చి నానమ్మ కూర్చునే చోట పరిచింది. రాత్రి కిటికీ మీద దుప్పటి, పగలు ఎండ పడితే దుప్పటి తీసెయ్యాలి. పొగ గొట్టం చుట్టూ ఉన్న సందు కూడా మూయబోతే నానమ్మ కర్రతో నేల మీద కొట్టింది.

"దాని జోలికి వెళ్లకు. పొగ పోయే దారి, గాలి వచ్చే కన్నం, ఆ రెండూ మూసినవాళ్లు మర్నాడు లేవరు."

తలుపు విషయంలో నుహా పోలీసైపోయింది. తీసి ఐదు అంకెలు లెక్కపెట్టేలోపు మూయాలి. ఎవరైనా సరే.

"నాన్నా, తలుపు! నాలుగు అయింది!"

"నా ఇంట్లోకి నేను రావడానికి కూడా టైము పెట్టారా?"

"పెట్టాం. ఐదు!"

"మొన్నటిదాకా ధడేల్మని తీసి వదిలేసేది ఎవరో" అంది అమ్మ, గోడకి చెబుతున్నట్టు. నుహా వినబడనట్టు బిళ్లలు తిప్పింది.

శుక్ర, శని సెలవులయ్యాక ఆదివారం బడికి వెళ్లేసరికి ఆమె చేతులు గోధుమ రంగులోకి తిరిగాయి. గోళ్ల కింద నలుపు. ఎంత సబ్బు రుద్దినా పోలేదు. రహఫ్ చూడనే చూసింది.

"చేతులకేమైందే?"

నుహా చేతులు జేబుల్లో పెట్టేసుకుంది. "ఏం కాలేదు."

ఆ రోజంతా ఆ చేతులు జేబుల్లోనే ఉన్నాయి. వెనక బెంచీలో బుథైనా రాసుకుంటూ ఉంది. ఆమె గోళ్ల కింద కూడా నలుపు ఉంది. బుథైనా వాటిని దాచుకోవడం లేదు. నుహా అది ఇప్పుడే చూసింది.

బుధవారం సాయంత్రం నాన్న వచ్చాడు. నాలుగు అంకెల్లోనే తలుపు మూశాడు. మేకుకి తగిలించిన పూల సంచి వైపు ఒకసారి చూసి, సోబా ముందు కూర్చున్నాడు.

"ఏది, ఇవ్వు."

నుహా దడి మీంచి మొదటి రోజు చేసిన బిళ్ల తీసింది. తేలిగ్గా ఉంది. గోటితో కొడితే టక్కుమంది.  సోబా తలుపు తీసి తనే లోపల పెట్టింది.

ముందు సన్నగా పొగ లేచింది. ఖుసై గబుక్కున ముక్కు మూసుకున్నాడు. నాన్న ముఖంలో ఏమీ కనబడలేదు. నానమ్మ సోబా వైపు చూడనే లేదు. గొట్టం వైపు చూస్తూ చెవి ఒగ్గి కూర్చుంది.

టప్.

బిళ్ల అంచు ఎర్రబడింది. ఎరుపు మెల్లగా మధ్యకి పాకింది. పొగ ఆగిపోయింది. గొట్టం గుర్‌ర్ మని పాడింది.

"అంటుకుంది" అంది నానమ్మ, టీలోకి పుదీనా ఆకు తుంచుకుంటూ.

 నాన్న లేచి మేకు మీది పూల సంచి తీసి, మందుల డబ్బా, మేజోళ్లు బయట పెట్టి, ఖాళీ సంచిని అటక మీదికి విసిరేశాడు.

సంచి ఉన్న మేకు ఖాళీ అయింది. సోబాకి దగ్గర్లోనే ఉంది అది. నుహా దాన్ని కాసేపు చూసింది. తర్వాత వరండాలోకి వెళ్లి, ప్లాస్టిక్ సంచి ముడి విప్పి, కోటు తెచ్చి ఆ మేకుకి తగిలించింది.

"ఐదు!" అని అరిచాడు ఖుసై. "అక్కా, నువ్వే తలుపు మూయలేదు!"

* * *

గురువారం పొద్దున కోటు వెచ్చగా ఉంది. నుహా చేతులు దూర్చి ఒక్క నిమిషం అలాగే నిలబడిపోయింది. సోబా బూడిదలో కాల్చిన బంగాళదుంప ఒకటి కాగితంలో చుట్టి నానమ్మ ఆమె జేబులో పెట్టింది.

క్లాసులో రహఫ్ ఊపిరి పీల్చింది. పెద్దగా, అందరికీ వినబడేలా.

"ఎవరో గానుగలోంచి లేచొచ్చారు."

"నేనే" అంది నుహా.

రహఫ్ ముందుకి తిరిగి పుస్తకం తీసుకుంది. 

మిస్ పేర్లు పిలిచారు. కొందరు రెండు వాక్యాలు చదివారు. ఒకమ్మాయి ఇంట్లో లైట్లు ఆర్పుతామంది. నుహా వంతు వచ్చింది. ఆమె కాగితం తీసుకుని లేచింది. అంచున గోధుమరంగు వేలిముద్ర ఉంది.

"మా ఇంట్లో గ్యాస్ హీటర్ లేదు" అని చదివింది. "నేను అబద్ధం చెప్పాను. మా ఇంట్లో జిఫ్త్. వాసన వస్తుంది. వస్తే రానీ. మాకు నాలుగు గదులున్నాయి, చలికాలంలో ఒకటే వాడతాం. ఒకే పొయ్యి మీద సూపు ఉడుకుతుంది, నీళ్లు కాగుతాయి, దుంపలు కాలుతాయి. బాయిలర్ స్విచ్చి మీద మా అమ్మ ప్లాస్టర్ వేసింది. తలుపు ఐదు లెక్కపెట్టేలోపు మూయాలి. నేను టార్పాలిన్ మీద ఆరు రాళ్లు పెట్టాల్సింది రెండే పెట్టాను. జిఫ్త్ తడిసింది. మళ్లీ చేశాం. మా నానమ్మ మా ఇంట్లోనే ఉంది."

అక్కడితో రాసింది అయిపోయింది. ఆమె కూర్చోలేదు. నేరుగా చార్టు దగ్గరికి వెళ్లింది. మిస్ బల్ల మీది స్కెచ్ పెన్ను తీసుకుని, గ్యాస్ గడిలో తన పేరు కొట్టేసింది. జిఫ్త్ గడిలో, బుథైనా పేరు పక్కన, దానికి రెండింతల అక్షరాలతో రాసింది. ఆ నల్లటి గోళ్లని క్లాసంతా చూసింది. ఆమె చూడనిచ్చింది.

"అంత పెద్దగానా?" అన్నారు మిస్, నవ్వు ఆపుకుంటూ.

"చోటుంది కదా మిస్."

కిటికీ పక్కన కూర్చునే ఒకమ్మాయి లేచింది. "మిస్, మాది కూడా... నేను కిరోసిన్ అని చెప్పా." తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు. బెల్లు కొట్టేసరికి ఆ గడిలో ఐదు పేర్లున్నాయి.

ఆటల పీరియడ్‌లో నుహా దుంపని విరిచి సగం బుథైనాకి ఇచ్చింది. మధ్యలోంచి ఇంకా సన్నగా ఆవిరి వచ్చింది. రహఫ్ గోడ దగ్గర నిలబడి చేతులు రుద్దుకుంటోంది. వాళ్ల ఇంట్లో గది గదికీ కరెంటు హీటరు ఉంది. కానీ బడిలో అందరికీ ఒకటే చలి.

"గానుగ వాసనే" అంది నుహా, తన సగంలోంచి ముక్క తుంచి చాస్తూ. "కావాలా, వద్దా?"

రహఫ్ అటూ ఇటూ చూసింది. తీసుకుంది. తిన్నాక వేళ్లు కూడా నాకింది.

"ఉప్పు తక్కువైంది" అంది.

"ఆదివారం నువ్వు తెచ్చుకో ఉప్పు."

ఆ సాయంత్రం మళ్లీ కొండల మీద మబ్బు దిగింది. నుహా బకెట్టు నింపింది. టార్పాలిన్ అంచులు లాగి సరిచేసింది. ఒక మూల రాయి పెట్టింది. రెండో మూల, మూడో మూల, నాలుగో మూల. మధ్యలో రెండు. చేతులు దులుపుకుని మబ్బు వైపు చూసింది. మబ్బు ఇంకా దిగుతోంది. నుహా కంచె దగ్గరికి వెళ్లి, అన్నిటికన్నా పెద్ద రాయిని పొట్టకి ఆనించుకుని, ఒగర్చుకుంటూ మోసుకొచ్చి మధ్యలో ధన్‌మని పడేసింది.

కిటికీ లోపలి నుంచి నానమ్మ గొంతు వినిపించింది. "రాళ్లు పెట్టావా?"

"ఏడు!" అని అరిచింది నుహా. "కావాలంటే వచ్చి లెక్కపెట్టుకో!"